అటక మీద రెండు పెట్టెల గేమ్ మ్యాగజైన్లు, గుమ్మంలో కాటా

అటక_వాసు
ఎంవీపీ కాలనీలో ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అటక మీంచి రెండు అట్టపెట్టెలు దిగాయి. ఒకదాంట్లో 2001 నుంచి 2009 దాకా మన దేశపు పత్రికలు: డిజిట్లు, స్కోర్లు, మధ్యమధ్యలో పీసీ క్వెస్టులు. రెండోదాంట్లో జగదాంబ వైపు పేవ్‌మెంటు మీద కొన్న విదేశీ సంచికలు. పీసీ గేమర్, ఎడ్జ్, అట్ట ఊడిపోయిన గేమ్‌ప్రో ఒకటి. పిన్నులన్నీ తుప్పు. సముద్రపు గాలి కదా, మధ్య పేజీ తెరిస్తే ఎర్రటి పొడి రాలి లుంగీ మీద పడింది.

పాత పేపర్లాయన కాటా పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. న్యూస్‌పేపరైతే కేజీ 12, ఇది నున్నటి కాగితం కాబట్టి 10 అంటాడు. మంచి కాగితానికి రేటు తక్కువేంటో! అమ్మ ఇచ్చెయ్యమంటోంది. నేను ఆయన్ని రేపు రమ్మన్నాను.

అసలు బాధ వేరే. మొన్న ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పుస్తకాల స్టాల్లో ఆగి "గేముల మ్యాగజైన్ ఏదన్నా ఉందా" అంటే ఆ కుర్రాడు సుడోకు పుస్తకం చేతిలో పెట్టాడు. ఇవి ఎప్పుడు పోయాయి? పోతున్నట్టు మనలో ఒక్కడికీ తెలీలేదా? నెట్ వచ్చింది కాబట్టి పోయాయని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి. వార్తలూ నెట్‌లో ఉన్నాయి, అయినా మా నాన్న ఇవాళ్టికీ ఆరింటికే గేటు దగ్గర ఈనాడు కోసం నిలబడతాడు.

గాజువాక_గన్నర్
నాకిచ్చీ అన్నా. పుస్తకాలతో పాటు ఇచ్చిన డీవీడీలు ఉన్నాయా?

అటక_వాసు
ఉన్నాయి. సగం ఇంకా కవర్లోంచి తియ్యలేదు కూడా.

కంచరపాలెం_కిట్టు
సుడోకు కూడా గేమే కదా గురూ, ఆ కుర్రాడి తప్పేటి?

ఉక్కునగరం_90
నిజం ఒప్పేసుకుందాం. మనం డబ్బులిచ్చింది డిస్కుకి. పుస్తకం దాంతో పాటు వచ్చింది, కొత్తిమీర కొసరేసినట్టు.

లెక్క చూడండి. 2002లో మా క్వార్టర్లో బీఎస్ఎన్ఎల్ డయలప్. పేరుకి 56 కేబీపీఎస్, చేతికొచ్చేది సెకనుకి 5 కేబీ. 100 ఎంబీ డెమో, అంటే ఆట నమూనా, దించాలంటే అయిదున్నర గంటలు పైమాటే. అదీ మధ్యలో లైను తెగకపోతే. ఆ అయిదున్నర గంటలూ ఫోన్ ఎంగేజ్. ప్లాంటులో షిఫ్టు మారిందని నాన్న ఇంటికి ఫోన్ చేస్తే కలవదు, వచ్చాక నా వీపు మీద కలిసేది. అలాంటి రోజుల్లో సీడీ అంటే వంద పైచిలుకు రూపాయలకి 700 ఎంబీ. విశాఖపట్నంలో అంతకంటే చవకైన బ్యాండ్‌విడ్త్ ఎక్కడుంది?

2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ డేటావన్ వచ్చింది. మాది 500 రూపాయల ప్లాను, రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఎంత దించినా లెక్కలోకి రాదు. 256 కేబీపీఎస్ అయినా సరే, ఆ ఆరు గంటల్లో ఒక సీడీ అంత దిగిపోయేది. 2 గంటలకి అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడు తట్టి మళ్ళీ పడుకునేవాణ్ణి. ఆ ఏడాది దీపావళి లోపే నేను పుస్తకం కొనడం మానేశా. ఎవరి మీదా కోపంతో మానలేదు, అవసరం తీరిపోయింది. వాసూ, నువ్వు అడిగావే పోతున్నట్టు ఎవరికీ తెలీలేదా అని. పోగొట్టింది మనమే, అర్ధరాత్రి 2 గంటలకి.

లేట్‌నైట్_లక్ష్మి
"నా వీపు మీద కలిసేది" చదివి ఆఫీసులో గట్టిగా నవ్వేశాను.

మర్రిపాలెం_మాస్టారు
ఉక్కునగరం గారు అందరినీ తన కాటాలో తూస్తున్నారు. నాకు 2004 దాకా కంప్యూటరే లేదు, డిస్కుతో ఏం చేసుకుంటాను? పుస్తకమే చదివాను. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గేమ్ రివ్యూలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఇంటర్వ్యూలో "ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావు" అంటే హిందూ పేపరు చదివానని అబద్ధం చెప్పాను.

ఒక్క సంగతి మాత్రం చాన్నాళ్ళు బోధపడలేదు. ఏదో ఆటకి 60 శాతం వేసి కింద చీల్చి చెండాడేవాళ్ళు. మనకి 60 అంటే ఫస్ట్ క్లాసు! ఫస్ట్ క్లాసులో పాసైన పిల్లాణ్ణి ఇన్ని తిట్లు తిడతారేంటి అనుకునేవాణ్ణి.

కంచరపాలెం_కిట్టు
మాస్టారూ, మా ఇంట్లో 60 వస్తే అలాగే తిట్టేవారు. మా నాన్న పీసీ గేమర్ చదివేవాడేమో.

పాత_పుటలు
మాస్టారు మంచి పాయింటే ఎత్తారు. చాలా పత్రికల్లో 70కి కింద అంకె కనబడేది కాదు. ఇంగ్లండులో అమిగా పవర్ అని 1991 నుంచి 1996 దాకా వచ్చింది. వాళ్ళు మాత్రం 50 అంటే మామూలు ఆట, 100 వరకూ ఉన్నాయి కాబట్టి అన్ని మార్కులూ వాడతాం అని పట్టుబట్టారు. కంపెనీలకి ఒళ్ళు మండింది. జపాన్ ఫామిట్సుది ఇంకో పద్ధతి. నలుగురు కూర్చుని తలా పదికి వేస్తారు, మొత్తం 40. 1986లో పెట్టిన పత్రిక, 40కి 40 మొదటిసారి ఇచ్చింది 1998లో, జెల్డా ఒకారినా ఆఫ్ టైమ్ అనే ఆటకి. పన్నెండేళ్ళు ఎవరికీ పూర్తి మార్కులు పడలేదు.

నైట్‌షిఫ్ట్_నాని
నేను 2003లో పుట్టాను. కోప్పడకండి, ఒక డౌటు. ఒక నెల ఆగి, డబ్బులిచ్చి, వేరేవాడు ఆడిన ఆట గురించి చదివేవాళ్ళా? ఆ వీడియో చూడొచ్చు కదా.

ఉక్కునగరం_90
వీడియో దిగడానికి ఎన్ని గంటలు పడుతుందో పైన లెక్క రాశా నాయనా.

సింధియా_శీను
నానీ, నీకు ఇంకా వింత చెప్తా. నేను నా జన్మలో ఆడలేని ఆటల గురించి చదివేవాణ్ణి. మా మావయ్య మర్చంట్ నేవీ. ఓడ దిగినప్పుడల్లా సబ్బులు, చాక్లెట్లు, ఒక్కోసారి నింటెండో పవర్ పత్రిక. మా ఇంట్లో ఉన్నది పూర్ణా మార్కెట్‌లో కొన్న డూప్లికేటు టీవీ గేమ్, "9999 ఇన్ 1" కాసెట్టు. అందులో నిజంగా ఉన్నవి ఓ పది, మిగతావి అవే పేర్లు మార్చి. నింటెండో పవర్లో చూస్తే అడవులు, కోటలు, నేలమాళిగలు, మ్యాపుల మీద మ్యాపులు. మడత విప్పితే మంచం అంత. హోటల్ బయట నిలబడి మెనూ కార్డు చదివి కడుపు నింపుకున్నట్టు ఉండేది. ఆ మ్యాపుల్లో దార్లు నాకు ఇప్పటికీ గుర్తు. ఆటలు మాత్రం ఎమ్యులేటర్లో (పాత గేములు కంప్యూటర్లో ఆడించే ప్రోగ్రాం) నలభయ్యో ఏట ఆడాను, తప్పిపోలేదు ఎక్కడా.

పాత_పుటలు
నింటెండో పవర్ 1988లో కంపెనీ సొంత పత్రికగా మొదలైంది, అందుకే అంత ముద్దు. 2012 డిసెంబరుతో ఆపేశారు. చివరి సంచిక అట్ట మీద మొదటి సంచికలాగే మట్టి బొమ్మ మారియోని పెట్టారు. ఆ నాలుగైదేళ్ళలోనే వరసగా పోయాయి: ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ 2009 జనవరిలో ఆగింది (తర్వాత లేచింది, అది వేరే కథ), పీసీ జోన్ 2010లో, గేమ్‌ప్రో 2011లో. వాసు గారి అట్ట ఊడిన సంచిక దాందే.

కంచరపాలెం_కిట్టు
ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీ పేరెత్తొద్దు. నా రక్తం మరుగుతుంది.

అటక_వాసు
ఏమైంది?

కంచరపాలెం_కిట్టు
మా వీధి చివర వీడియో గేమ్ షాపు, స్ట్రీట్ ఫైటర్ 2 మెషీను ఒకటే ఉండేది. అందులో ర్యూ అనే ఫైటర్ గెలిస్తే "షెంగ్ లాంగ్‌ని ఓడించాలి" అని ఒక వాక్యం వస్తుంది కదా. మా పెద్దనాన్న కొడుకు కలకత్తా నుంచి వచ్చి ఒక పేజీ జిరాక్సు చూపించాడు. ర్యూతో ఒక్క దెబ్బ కూడా తినకుండా చివరి ప్రత్యర్థి బైసన్ దాకా వెళ్ళి, అక్కడ ఒకళ్ళనొకళ్ళు ముట్టుకోకుండా పది రౌండ్లు టైము అయిపోయేదాకా తప్పించుకుంటే షెంగ్ లాంగ్ దిగుతాడట. అచ్చులో ఉంది, ఫోటో కూడా ఉంది. ఇంకేం కావాలి?

రెండు వేసవి సెలవులు. బియ్యం పట్టించుకు రమ్మంటే మిగిల్చిన చిల్లర, పోలమాంబ పండక్కి ఇచ్చిన డబ్బులు, అన్నీ ఆ డబ్బా మింగేసింది. షాపు వాడు మాత్రం "నిన్న ఎవడో దించాడ్రా, నువ్వు లేవు" అని ఊరిస్తుండేవాడు. ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్లో నెట్ సెంటర్లో తెలిసింది, అది 1992 ఏప్రిల్ సంచిక. ఏప్రిల్ ఫూల్! ఆ పేరే తప్పుడు అనువాదంట, "షోర్యుకెన్" అనే ర్యూ దెబ్బ పేరులోని అక్షరాల్ని చైనీసులో చదివితే అలా వచ్చిందట.

లేట్‌నైట్_లక్ష్మి
షాపు వాడు జీనియస్.

నైట్‌షిఫ్ట్_నాని
ఇప్పుడైతే పది నిమిషాల్లో కామెంట్లలో ఫేక్ అని తేలిపోయేది.

కంచరపాలెం_కిట్టు
అవును. పది నిమిషాల్లో తేలిపోయేదాని కోసం నేను రెండేళ్ళు బతికాను తమ్ముడూ. ఏది లాభమో నువ్వే చెప్పు.

స్టాల్_బాబాయ్
మా పిల్లాడు చూపిస్తే రాస్తున్నాను. ద్వారకానగర్లో మాకు స్టాలుండేది, 1993 నుంచి 2012 వరకు. ఇప్పుడక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మీరంతా చదివే వైపు నుంచి చెప్తున్నారు. కౌంటరు లోపల సంగతి నేను చెప్తాను.

దినపత్రిక మీద నాకు పైసలు మిగిలితే, డిస్కున్న పుస్తకం మీద పాతిక పైన మిగిలేది. అందుకే తాడు కట్టి ముందు వరసలో క్లిప్పులతో వేలాడదీసేవాణ్ణి. నెల మొదటి వారం కాలేజీ గుంటలు మూగీసేవారు. పదిమంది తిరగేస్తే ఇద్దరు కొంటారు, స్టాలు లెక్క అది. నేను ఎవర్నీ కసిరేవాణ్ణి కాదు.

తలనొప్పల్లా డిస్కుతోనే. పుస్తకం చూస్తున్నట్టే చూసి బొటనవేలితో గమ్ము లేపీసి సీడీ చొక్కాలో వేసీవోరు. అమ్ముడుపోని కాపీ వెనక్కి పంపితే, డిస్కు లేదని ఏజెంటు తీసుకోడు. ఆ నష్టం నాది. ఈ గొడవ అన్ని ఊళ్ళలోనూ ఉందేమో, తర్వాత్తర్వాత పుస్తకం మొత్తం ప్లాస్టిక్ కవరేసి సీలు చేసి పంపడం మొదలెట్టారు. దొంగతనం ఆగింది. తిరగెయ్యడమూ ఆగింది. అట్ట చూసి వెళ్ళిపోయేవారు. నాకు పదిహేను కాపీలు వచ్చే చోట ఎనిమిదయ్యాయి, తర్వాత మూడు, చివరికి ఎవరన్నా ముందే చెప్తేనే తెప్పించేవాణ్ణి. మీరు నెట్టు నెట్టు అంటున్నారు, ఆ ప్లాస్టిక్ కవరు పాపం కూడా కొంత రాయండి.

అటక_వాసు
బాబాయ్, ద్వారకానగర్ మొదటి లైన్లోనా? మెట్ల పక్కన? నేను అక్కడే కొనేవాణ్ణి!

స్టాల్_బాబాయ్
కొన్నావో తిరగేశావో దేవుడికి తెలియాలి.

గాజువాక_గన్నర్
నేను సీడీ లేపినోణ్ణే. ఒకేసారి. సారీ బాబాయ్. ఇంటికెళ్ళి చూస్తే అది యాంటీవైరస్ల సీడీ.

స్టాల్_బాబాయ్
దేవుడున్నాడు.

ప్రెస్సు_ప్రసాద్
ముప్ఫయ్యేళ్ళు ఆఫ్‌సెట్ మీద బతికినవాణ్ణి, డాబాగార్డెన్స్. వాసు అడిగిన రేటు సంగతి ముందు. నున్నటి ఆర్ట్ పేపరు మీద తెల్ల మట్టి పూత ఉంటుంది. బొమ్మ మెరిసేది దానివల్లే. తిరిగి పల్ప్ చేస్తే ఆ మట్టి బరువంతా పోతుంది, పనికొచ్చే నార తక్కువ. అందుకే పాత పేపర్ల వాడు రేటు తగ్గిస్తాడు. మోసం ఏం కాదు.

ఇక పత్రికలు ఎందుకు పోయాయో మెషీను దగ్గర నిలబడితే తెలుస్తుంది. 16 పేజీలు ఒక ఫారం. నాలుగు రంగులు, రెండు వైపులా, అంటే ఫారానికి 8 ప్లేట్లు. యాభై వేల కాపీలు కొట్టినా అవే ప్లేట్లు, అయిదు వేలు కొట్టినా అవే ప్లేట్లు, అదే సెట్టింగు, మొదట్లో పాడయ్యే కాగితమూ అంతే. కాపీలు తగ్గేకొద్దీ ఒక్కో కాపీ ఖర్చు పైకెక్కుతుంది. అది ఎప్పుడూ పాఠకుడి డబ్బుతో తీరేది కాదు. అట్ట వెనకాల గ్రాఫిక్ కార్డు ప్రకటన ఉందే, ఆ డబ్బుతో తీరేది. ఆ ప్రకటన వెబ్‌సైటుకి తరలిపోతే ఆ నెల నుంచే ఒక ఫారం తీసేస్తారు. పుస్తకం చేతికి పలచగా తగుల్తుంది. ఇంత పలచటిదానికి అంత ధరా అని పాఠకుడు మానేస్తాడు. వాడు మానేశాడని ఇంకో ప్రకటన పోతుంది, ఇంకో ఫారం పోతుంది. ఉక్కునగరం అబ్బాయి 2 గంటలకి అలారం పెట్టుకోకపోయినా ఇది జరిగేదే.

ఇంకోటి. నెలపత్రిక పేజీలు బజార్లోకి రావడానికి మూడు నాలుగు వారాల ముందే మూసెయ్యాలి. గేమ్‌ఫాక్స్ సైటు 1995లో, ఐజీఎన్ సైటు 1996లో వచ్చేశాయి. వాళ్ళు పొద్దున రాసింది మధ్యాహ్నం దిద్దుకుంటారు. మాకు ప్లేటు ఎక్కాక అచ్చుతప్పు కనబడితే దణ్ణం పెట్టుకోవడమే.

మర్రిపాలెం_మాస్టారు
ప్రసాద్ గారూ, హుద్‌హుద్‌లో నా పుస్తకాలు ఎందుకు ఇటుకలయ్యాయో ఇప్పుడు తెలిసింది. 2014 అక్టోబరు 12. పడమటి గది కిటికీ రెక్క ఊడి నేరుగా బీరువా మీద పడింది. తలుపు బయటికి వంగిపోయి రాత్రంతా లోపలికి వాన. కరెంటు లేదు, పాలు లేవు, వీధిలో చెట్లు, పుస్తకాల మాట ఎవడికి గుర్తుంటుంది? పది రోజుల తర్వాత తీస్తే మామూలు కాగితం నవలలు ఉబ్బినా విప్పుకున్నాయి. గేమ్ పుస్తకాలు మాత్రం కట్ట కట్టగానే గట్టిపడిపోయాయి. కత్తి దూర్చి విప్పబోతే అక్షరాలు ఎదుటి పేజీకి అంటుకుని అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి.

ప్రెస్సు_ప్రసాద్
ఆ పూతే జిగురవుతుంది మాస్టారూ. తడిగా ఉండగానే ఆకు ఆకూ విడదియ్యాలి. ఒకసారి ఆరిందా, ఇక అంతే.

చందా_చిన్నబాబు
చందా కట్టి మోసపోయినవాళ్ళు ఎవరూ లేరా ఇక్కడ? ఒక పత్రిక, పేరెందుకులే. రెండేళ్ళ చందా కడితే మౌసు ఉచితం అన్నారు. మౌసు వచ్చింది. నాలుగు సంచికలు వచ్చాయి. అయిదోది రాలేదు. ఉత్తరం రాశా, ఫోన్ చేశా, అది ఎవరో డెంటిస్టు ఎత్తాడు. మా అమ్మ మాత్రం "మౌసు బాగా పనిచేస్తోంది కదరా" అంటుంది ఇప్పటికీ.

లేట్‌నైట్_లక్ష్మి
చిన్నబాబు గారి డెంటిస్టుకి నా సానుభూతి.

నా సంగతి కొంచెం వేరు. స్టాలుకి వెళ్ళి అడిగితే "తమ్ముడికా అమ్మా" అనేవారు. (బాబాయ్, మీరు కాదులెండి, వేరే చోట.) తమ్ముడికే అని తెచ్చి నేను చదువుకునేదాన్ని. ఉత్తరాల పేజీలో ఆడపిల్ల పేరు ఎప్పుడన్నా కనిపిస్తుందేమోనని ముందు అదే తిప్పేదాన్ని. కనిపించేది కాదు. అట్ట మీద ఆడవాళ్ళ బొమ్మలకి మాత్రం కొదవ లేదు, అట్టల మీద వాళ్ళు ఎలా ఉండేవారో మీకందరికీ గుర్తుంటుంది. ఆ అట్ట ఇంట్లో కనబడకుండా దినపత్రిక చుట్టి తెచ్చుకునేదాన్ని. అందుకని "ఆ బంగారు రోజులు" అంటూ ఏడుస్తుంటే నాకు కళ్ళనీళ్ళు రావు. అయినా చదివానా అంటే, ఒక్క పేజీ వదల్లేదు.

ఇంకో మాట. పత్రికలు ప్రకటనల డబ్బుతో బతికాయి కాబట్టి రివ్యూలు కొనుక్కునేవారు, నెట్ వచ్చాక నిజాయితీ వచ్చింది అంటారు కొందరు. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ సైటు నిండా కేన్ అండ్ లించ్ ప్రకటనలే. ఆ ఆటకి ఓ మాదిరి మార్కులేసిన జెఫ్ గెర్‌స్ట్‌మన్ ఉద్యోగం అప్పుడే ఊడింది. ప్రకటనదారుల ఒత్తిడి ఉందని 2012లో ఆయనే చెప్పాడు. డబ్బు కాగితం మీంచి తెర మీదికి మారింది, దాని బుద్ధి అదే.

నైట్‌షిఫ్ట్_నాని
సరే ఇప్పుడు నా వైపు వినండి. మీరు ఇంగ్లీషు పత్రిక పోయిందని బాధపడుతున్నారు. నేను చదువుకుంది పాయకరావుపేట దగ్గర పల్లెలో. ఇంగ్లీషు పత్రిక ఉన్నా నాకు అందేది కాదు, అర్థమయ్యేదీ కాదు. 2016లో జియో సిమ్ము వచ్చింది. యూట్యూబ్‌లో తెలుగులో ఆడుతూ, తిడుతూ, నవ్వుతూ చెప్పేవాళ్ళు దొరికారు. మీ అందరి చిన్నప్పుడూ తెలుగులో ఒక్క గేమ్ పత్రికన్నా ఉందా?

మర్రిపాలెం_మాస్టారు
గేముల పత్రిక నాకు తెలిసి చూడలేదు. కంప్యూటర్ పత్రికలు ఉండేవి. కంప్యూటర్ ఎరా తెలుగులోనే వచ్చేది, నేను కొనేవాణ్ణి. కానీ ఆటల మీద ప్రేమగా పది పేజీలు రాసినది తెలుగులో నేను చదవలేదు. నానీ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా.

నైట్‌షిఫ్ట్_నాని
ఇంకోటి కూడా. ఇప్పటి ఆటలు పుస్తకంలో పట్టవు. బీజీఎంఐ అనే ఫోన్ ఆటకి రెండు నెలలకోసారి అప్‌డేటు, తుపాకీ దెబ్బ బలం మారిపోతుంది, మ్యాపే మారిపోతుంది. ప్రసాద్ బాబాయ్ ఫారాలు బిగించేలోపు మీరు రాసిన చిట్కా పాతబడిపోతుంది.

ప్రెస్సు_ప్రసాద్
వీడు కుర్రాడైనా మెషీను సంగతి తెలిసినట్టే మాట్లాడుతున్నాడు.

ఉక్కునగరం_90
చిట్కాలంటే గుర్తొచ్చింది. వైస్ సిటీ ఆటకి చీట్ కోడ్‌లు! అక్కయ్యపాలెం నెట్ సెంటర్లో ఒక కాగితం, ఏదో పత్రికలోంచి జిరాక్సు తీసిన జిరాక్సుకి జిరాక్సు, సగం అక్షరాలు చెదలు తిన్నట్టు. రెండు రూపాయలకి అమ్మేవాడు. "పాంజర్" అని కొడితే ఆకాశంలోంచి యుద్ధ ట్యాంకు. జిరాక్సులో చివరి అక్షరం పడక నేను నెల్లాళ్ళు "పాంజె" అని కొడుతూ కూర్చున్నా.

కంచరపాలెం_కిట్టు
నా షెంగ్ లాంగ్ ముందు నీది ఎంత.

సింధియా_శీను
చందమామ గతే పట్టింది వీటికీ. 1947 నుంచి వచ్చిన పత్రిక, 2007లో జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొంది, ఇక డిజిటల్‌లో వెలిగిపోతుందన్నారు. కొన్నేళ్ళకే అచ్చు ఆగిపోయింది.

లేట్‌నైట్_లక్ష్మి
చందమామ మీద మొదలెడితే ఈ చర్చ తెల్లారేదాకా సాగుతుంది శీను గారూ, వద్దు.

పాత_పుటలు
నెట్‌లో ఉంటే భద్రం అనుకునేవాళ్ళకి ఒక ఉదాహరణ. అమెరికాలో గేమ్ ఇన్ఫార్మర్, 1991 నుంచి ఉంది. గేమ్‌స్టాప్ షాపుల వాళ్ళది, సభ్యత్వ కార్డుతో పాటు ఇంటికొచ్చేది కాబట్టి లక్షల్లో చందాదారులు. 2024 ఆగస్టులో ఒక్కరోజులో మూసేశారు. సైటు మొత్తం తీసేసి వీడ్కోలు నోటు ఒకటి పెట్టారు, ఏళ్ళ తరబడి రాసిన వ్యాసాలు మాయం. 2025 మార్చిలో గంజిల్లా అనే గేమ్ కంపెనీ కొని పాతవాటితో సహా మళ్ళీ తెరిచింది కాబట్టి సరిపోయింది. ఆ ఏడెనిమిది నెలలు ఎవరి దగ్గర ఉన్నాయి ఆ వ్యాసాలు? అటకల మీద.

అన్నీ చచ్చిపోలేదు లెండి. ఎడ్జ్ 1993లో మొదలై 400 సంచికలు దాటింది. 2004లో మొదలైన రెట్రో గేమర్ అయితే మనలాంటి ముసలాళ్ళ జ్ఞాపకాలనే అమ్ముకుంటూ బతికింది.

వాసు గారూ, దయచేసి కాటాకి వెయ్యకండి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వాళ్ళు 2025 జనవరిలో డిజిటల్ లైబ్రరీ తెరిచారు, 1500కి పైగా పాత సంచికలు అక్షరం అక్షరం వెతుక్కునేలా పెట్టారు. విదేశీవి ఎవరో ఒకరు దాచుకుంటారు. మన స్కోర్లు, మన డిజిట్ల గేమ్ పేజీలు మనం స్కాన్ చెయ్యకపోతే అమెరికా వాడొచ్చి చేస్తాడా?

అటక_వాసు
స్కాన్ చేద్దాం. ఆదివారం ఎవరన్నా వస్తే...

ఒక్క నిమిషం.

అటక_వాసు
అయిపోయింది. నేను ఇక్కడ టైపు చేస్తుంటే అమ్మ రెండో పెట్టె వేసేసింది. పేపర్లాయన రేపు రమ్మంటే ఇవాళే వచ్చాడట. విదేశీ సంచికలన్నీ. "అట్టల్లేనివే కదరా, మంచివి ఉంచాను" అంటోంది. 14 కేజీలు, 140 రూపాయలు.

లేట్‌నైట్_లక్ష్మి
అయ్యయ్యో.

స్టాల్_బాబాయ్
కంగారు పడకు. చిన్న బండోళ్ళు సాయంత్రం దాకా వీధులు తిరిగి అప్పుడు గోడౌనుకి వేస్తారు. తోపుడు బండా, ఆటోనా?

అటక_వాసు
తోపుడు బండి. వెంకోజీపాలెం వైపు వెళ్ళాడట.

స్టాల్_బాబాయ్
అయితే ఇంకా హైవే దాటి ఉండడు. స్కూటర్ తియ్యి. టైపు చెయ్యకు.

కంచరపాలెం_కిట్టు
లైవ్ పెట్టు గురూ.

ఉక్కునగరం_90
ఇంత టెన్షను షెంగ్ లాంగ్‌కి కూడా లేదు.

అటక_వాసు
దొరికాడు. టీ కొట్టు దగ్గర మన గేమ్‌ప్రో మీదే కూర్చుని మిక్చరు తింటున్నాడు. 140 ఇస్తాను ఇచ్చెయ్ అన్నాను. 400 అన్నాడు. అదేంటి, నున్నటి కాగితానికి రేటు తక్కువన్నావు కదా అంటే, "కొనేటప్పుడు బాబూ. అమ్మేటప్పుడు నున్నటిదే కదా ఖరీదు" అన్నాడు.

ప్రెస్సు_ప్రసాద్
వీడికి పత్రిక అప్పజెప్పి ఉంటే మునిగేది కాదు.

స్టాల్_బాబాయ్
ఎంతకి తెగింది?

అటక_వాసు
300. పైగా ఒక ఎడ్జ్ తగ్గింది. దాంట్లో వీధి చివరావిడకి బఠాణీలు పొట్లం కట్టిచ్చాడట మిక్చరు కొట్టువాడు.

పాత_పుటలు
ఏ సంచిక?

అటక_వాసు
ఆవిణ్ణి అడగమంటారా?

గాజువాక_గన్నర్
అన్నా, డీవీడీల పెట్టె భద్రమే కదా?

అటక_వాసు
భద్రం. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. నీ దగ్గర డ్రైవ్ ఉందా?

గాజువాక_గన్నర్
డ్రైవా? లేదు. నీ దగ్గర ఉందనుకున్నా.